చేతి ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో) సెట్ పట్టుకుని ఫీల్డ్‌కి వెళ్తున్నారా, ముందు ఇవి చూసుకోండి

సెట్‌లో మాటల్ని రహస్య కోడ్‌గా మార్చే ఏఈఎస్-256 ఎన్‌క్రిప్షన్ ఉంది, ఇంకెవడు వింటాడులే అని ధీమాగా బటన్ నొక్కి మాట్లాడేస్తుంటారు చూడండి, వాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ఎన్‌క్రిప్షన్ మీ మాటల్నే దాస్తుంది, మీరెక్కడున్నారో దాచదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో రెండు మూడు డైరెక్షన్ ఫైండర్లు పెట్టి కొలిస్తే మీ చోటు దొరికిపోతుంది.

పాత సెట్లలో మాటని రేడియో తరంగం మీదికి ఎక్కించే పని, అదే మాడ్యులేషన్, అంతా సర్క్యూట్‌లోనే ఉండేది, కొత్త పద్ధతి కావాలంటే సెట్టే మార్చాలి. ఎస్‌డీఆర్‌లో ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది, దాన్నే వేవ్‌ఫార్మ్ అంటాం. ఏఎన్/పీఆర్‌సీ-152 లాంటి సైనిక చేతి సెట్ కిలో పైచిలుకు బరువుంటుంది, 30 నుంచి 512 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది, మామూలుగా 5 వాట్లు ఇస్తుంది.

మొదట యాంటెన్నా. 300 మెగాహెర్ట్జ్‌లో పావు వేవ్ (తరంగం పొడవులో నాలుగో వంతు) యాంటెన్నా అంటే 25 సెంటీమీటర్లే, అదే 50 మెగాహెర్ట్జ్‌కి వస్తే మీటరున్నర కావాలి, అందుకే లో బ్యాండ్‌లో పొట్టి యాంటెన్నా పెట్టి రేంజ్ రావట్లేదని సెట్‌ని తిట్టుకుని లాభం లేదు, పొడుగుది పెట్టండి, నిటారుగా ఉంచండి. మర పూర్తిగా బిగిసిందో లేదో వేళ్లతో తిప్పి చూడండి. యాంటెన్నా లేకుండా మాత్రం పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే బటన్) నొక్కొద్దు, పవర్ వెనక్కి తన్ని ఆంప్లిఫయర్ పోవచ్చు.

తర్వాత కీలు, అంటే సెట్‌లోకి ఎక్కించే రహస్య కోడ్‌లు. మాటని ఎన్‌క్రిప్ట్ చేసే కీ వేరు, సెట్ ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకోదానికి ఏ వరసలో దూకాలో చెప్పే కీ వేరు. రెండూ లోడ్ అయ్యాయా, ఇవాళ్టివేనా అని స్క్రీన్ మీద చూసుకోండి. కీలు ఎక్కించే ఫిల్ డివైస్‌ని సెట్ ఉన్న సంచిలోనే పడేయొద్దు, పోతే రెండూ కలిసే పోతాయి.

ఇక టైమ్, ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. సింక్‌గార్స్ అనే అమెరికా సైనిక రేడియో హాపింగ్‌నే (ఫ్రీక్వెన్సీలు మారుస్తూ దూకడం) తీసుకోండి, 30-88 మెగాహెర్ట్జ్ మధ్య 2,320 ఛానెళ్లలో సెకనుకి వందకు పైగా సార్లు దూకుతుంది, గడియారం తేడా వస్తే అందరూ ఒక చోట ఉంటే మీరొక్కరు ఇంకో చోట ఉంటారు. ఒకసారి ప్రాక్టీస్‌లో నా సెట్ మూగబోయింది, బ్యాటరీ మార్చా, యాంటెన్నా మార్చా, కీ మళ్లీ ఎక్కించా, అరగంట పోయాక చూస్తే గడియారం కొన్ని నిమిషాలు వెనకపడి ఉంది. అప్పటినుంచి ఏది ఆగినా ముందు టైమే చూస్తా. సెట్ టైమ్ తీసుకునే జీపీఎస్ జామ్ అయితే నెట్ కంట్రోల్ (మీ రేడియో నెట్‌ని, అంటే కలిసి మాట్లాడుకునే సెట్ల గుంపుని నడిపే స్టేషన్) దగ్గర టైమ్ తీసుకోవాలి, ఎలాగో బయల్దేరేముందే నేర్చుకోండి.

మాట్లాడేటప్పుడు పవర్ తక్కువతో మొదలుపెట్టండి. అడ్డంకులేం లేని చోట కూడా దూరం రెట్టింపు కావాలంటే పవర్ నాలుగింతలు కావాలి, నేల మీద ఇంకా ఎక్కువే, కాబట్టి పవర్ పెంచే బదులు నాలుగడుగులు పక్కకి జరిగి చూడండి, గుట్ట మీకూ శత్రువుకీ మధ్య ఉండేలా నిలబడితే ఇంకా మంచిది. చెప్పాల్సింది కాగితం మీద రాసుకోండి. పీటీటీ నొక్కాక ఒక సెకను ఆగండి, సింక్ అయ్యేలోపు మాట్లాడితే మొదటి మాట తెగిపోతుంది, "ఆగండి" అనేది "గండి" అని వినపడుతుంది. సైఫర్‌లో (ఎన్‌క్రిప్షన్‌తో) ఉన్నారా, ప్లెయిన్‌లో (ఎన్‌క్రిప్షన్ లేకుండా) ఉన్నారా అన్నది ప్రతిసారీ చూడాల్సిందే.

ఇంకోటి, చాలామందికి తట్టదు. సెట్లు ఒకదానితో ఒకటి నేరుగా కలిసే మెష్ నెట్‌వర్క్ వేవ్‌ఫార్మ్ వేసుంటే మీరు నోరు మెదపకపోయినా సెట్ తనంతట తాను పక్క సెట్లని పలకరిస్తూనే ఉంటుంది, లొకేషన్ రిపోర్ట్‌లు ఆన్ చేసుంటే అవీ పంపిస్తుంది. రేడియో సైలెన్స్ అన్నారంటే బటన్ వదిలేస్తే సరిపోదు, ఆ ఆటో రిపోర్టింగ్ ఆపాలి, వీలైతే రిసీవ్ ఓన్లీలో పెట్టాలి.

సెట్ శత్రువు చేతికి చిక్కేలా ఉంటే జీరోయిజ్ చేయండి, అంటే అందులోని కీలన్నీ చెరిపేయండి, చీకట్లో తడుముకుంటూ కూడా చేయగలిగేలా ప్రాక్టీస్ చేసి ఉండాలి. పోయిన సెట్ సంగతి మాత్రం దాచొద్దు, తిడతారని గంట ఆగితే ఆ గంటసేపూ మీ నెట్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ పోయిన కీ మీదే మాట్లాడుతుంటారు. ఏ కీలు అందులో ఉన్నాయో, చివరిసారి ఎన్నింటికి చూశారో వెంటనే చెప్పేయండి, నెట్ కంట్రోల్ కొత్త కీలు పంపిస్తుంది.