పాత సీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారా?
కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటల సీడీలు మూలన పడి ఉంటే, చదివే డ్రైవ్ పనిచేస్తున్నప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. ఎంపీ3గా కాదు, ఫ్లాక్ (FLAC) అనే ఆడియో ఫైల్ రకంగా. నాణ్యత ఏమీ పోదు, సైజు మాత్రం సీడీలో ఉన్నదానిలో దాదాపు సగమవుతుంది. ఫోన్‌కో కారుకో ఎంపీ3 కావాలంటే ఆ ఫ్లాక్ నుంచే ఎప్పుడైనా చేసుకోవచ్చు. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. గీతలు పడ్డ చోట మళ్లీ మళ్లీ చదువుతుంది, కాస్త ఓపిక పట్టాలి.

ఒకే సీడీలో వంద పాటలుంటే అది ఎంపీ3 సీడీయే. దాన్ని ఫ్లాక్ చేస్తే సైజు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఉన్నది ఉన్నట్టు కాపీ చేయండి.

పేర్లు మాత్రం అప్పటికప్పుడే పెట్టేయండి. ట్రాక్ 01, ట్రాక్ 02 అని వదిలేస్తే తర్వాత కావాల్సిన కీర్తన వెతకలేక చస్తాం! ఇంకో హార్డ్ డిస్క్‌లో రెండో కాపీ కూడా ఉంచండి.