పాత షెవీ ట్రక్కు పని, భాగం 4: ఆరు వోల్టులతోనే స్టార్ట్ చేద్దాం

పోయిన భాగంలో ఇంజిన్ బ్లాక్ మీద క్యాస్టింగ్ డేట్ (పోత పోసిన తేదీ) చదవడం చూశాం కదా, ఏ అంటే జనవరి, అలా ఎల్ అంటే డిసెంబర్, తర్వాత తారీఖు, చివర్లో సంవత్సరం ఆఖరి అంకె. నా 3100 (షెవీ అర టన్ను పికప్) మీద ఎల్ 14 9 అని ఉంది, అంటే 1949 డిసెంబర్ 14న పోసిన బ్లాకు, బండేమో 1950 మోడల్, సరిపోయింది.

ఇవాళ కరెంటు పని. ఈ బండి ఆరు వోల్టులది, నెగెటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్ బండి ఇనుముకే కలిపి ఉంటుంది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది అనగానే డల్లాస్‌లో నాకు తెలిసినవాళ్ళంతా 12 వోల్టులకి మార్చెయ్ అన్నారు. మార్చకండి. చాలాసార్లు తప్పు వోల్టులది కాదు, కేబుల్‌ది. నేనూ షాపులో దొరికిన మామూలు 12 వోల్టుల కేబుల్ తెచ్చి బిగించి, పది రోజులు సెల్ఫ్ మోటర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నా.

లెక్క ఏంటంటే, అదే పనికి వోల్టులు సగమైతే ఆంప్స్ రెట్టింపు కావాలి, 12లో 100 లాగేది ఇక్కడ 200 లాగుతుంది. మన ఊళ్ళో పొలం మోటరుకి దూరం నుంచి సన్న వైరు లాగితే మూలుగుతుందే గానీ తిరగదు చూడండి, అచ్చం అదే. అందుకే 1/0 లేదా 2/0 గేజ్ (సున్నాలు పెరిగేకొద్దీ లావు) కేబుల్ వెయ్యాలి, రాగిది.

ఇప్పుడు మల్టీమీటర్ తీయండి. ఇగ్నిషన్ ఆఫ్‌లో పెట్టి, బండి న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని, ఇంట్లోవాళ్ళని ఎవర్నైనా బతిమాలి కాలితో సెల్ఫ్ పెడల్ తొక్కమనండి. ఒక ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, పోస్టు మీదే), ఇంకోటి బ్లాకు మీద గీకిన చోట. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ బాలేదన్నమాట. పెయింట్ గీకి, తుప్పు రుద్ది, మళ్ళీ చూడండి. నాకు మొదట 0.9 వచ్చింది, కారణం నేనే ముచ్చటపడి ఛాసిస్‌కి వేసిన నల్ల పెయింటు! ప్లస్ వైపు కూడా పోస్టు నుంచి సెల్ఫ్ టెర్మినల్ దాకా ఇలాగే.

డైనమో విప్పి బిగించారా, అయితే ఇంజిన్ స్టార్ట్ చేసేముందు పోలరైజ్ చెయ్యాలి, అంటే డైనమో ప్లస్, మైనస్‌లు బ్యాటరీతో సరిపోయేలా చెయ్యడం. రెగ్యులేటర్ మీద, అంటే మన మెకానిక్‌లు కటౌట్ అంటారే దాని మీద, బ్యాటరీ టెర్మినల్‌కీ డైనమో టెర్మినల్‌కీ మధ్య చిన్న వైరు ముక్క ఒక్క క్షణం తాకించి తీసెయ్యండి. చిటుక్కుమని నిప్పురవ్వ వస్తుంది, అంతే. ఇది ఈ షెవీలో ఉండే డెల్కో కంపెనీ డైనమోలకి మాత్రమే, అప్పటి ఫోర్డుకి పద్ధతి వేరు, అక్కడ ఇలా చెయ్యకండి.

వచ్చే భాగం బ్రేకులు. ఈలోపు సామాన్లు ఆర్డర్ పెట్టెయ్యకండి, ముందు డ్రమ్ము విప్పి చూడండి, 1950 దాకా హక్ బ్రేకులు, 1951 నుంచి బెండిక్స్ (రెండూ డ్రమ్ము బ్రేకుల రకాలే, సామాన్లు వేరు), కానీ మధ్యలో ఎవరో మార్చేసి ఉండొచ్చు.