పీఎస్5 స్టాక్ దించే ముందు ఈ లెక్క వేయండి

విశాఖ ద్వారకానగర్‌లో మాది చిన్న గేమ్ షాపు. సోనీ వాళ్ల పీఎస్5 (ప్లేస్టేషన్ 5), అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ కన్సోల్, మేమూ అమ్ముతాం. కొత్తగా షాపు పెడదామనుకునే కుర్రాళ్లు వచ్చి అడిగే మొదటి మాట, "అన్నా, పీఎస్5 ఇంకా ఎన్నాళ్లు నడుస్తుంది?" అని. అది తెలుసుకోవడానికి జోస్యం అక్కర్లేదు, తీసివేత వస్తే చాలు.

సోనీ ఆర్థిక సంవత్సరం కూడా మనలాగే ఏప్రిల్ నుంచి మార్చి దాకా. మే, ఆగస్టు, నవంబరు, ఫిబ్రవరి నెలల్లో ఫలితాలు ఇస్తారు. ఏడాదికి వాళ్లు చెప్పిన అంచనాలోంచి అప్పటిదాకా అమ్మింది తీసేయండి. మిగిలినదాన్ని, నిరుడు అవే నెలల్లో అమ్మినదాని పక్కన పెట్టి చూడండి.

2023 నవంబరునే తీసుకోండి. ఆ ఏడాది అంచనా 2.5 కోట్ల పీఎస్5లు. మొదటి మూడు నెలల్లో పోయినవి 33 లక్షలు, తర్వాతి మూడు నెలల్లో 49 లక్షలు, కలిపి 82 లక్షలు. అంటే మిగతా ఆరు నెలల్లో 1.68 కోట్లు అమ్మాలి. అంతకు ముందు ఏడాది అవే ఆరు నెలల్లో, క్రిస్మస్ సీజన్‌తో సహా, అమ్మింది 1.34 కోట్లే. అంచనా అందదని అక్కడే తెలిసిపోతోంది. ఫిబ్రవరిలో దాన్ని 2.1 కోట్లకు దించారు. చివరికి అమ్మింది 2.08 కోట్లు.

ఆ నవంబరులో నేను ఈ లెక్క వేయలేదు. "సంక్రాంతికి పీసు దొరకదు" అని ఒక డిస్ట్రిబ్యూటర్ చెబితే నమ్మి ఎనిమిది బాక్సులు దించాను. పండక్కి రెండు, ఫిబ్రవరిలో ఒకటి పోయాయి. ఏప్రిల్‌లో సైజు తగ్గించిన స్లిమ్ మోడల్ ఇండియాకు వచ్చేసింది. ఇక పాత పెద్ద బాక్సు వైపు చూసినవాళ్లు లేరు. మిగిలిన ఐదూ కౌంటర్ వెనక అరలోనే ఉండిపోయాయి. సముద్రపు గాలికి అట్టల మూలలు మెత్తబడి, సీలు మీది ప్లాస్టిక్ ముడతలు పడింది. బాక్సుకు నాలుగు వేలు పోగొట్టుకుని వదిలించుకున్నాను. ఆ నెల షాపు అద్దె కట్టడానికి ఎంత టెన్షన్ పడ్డానో నాకు తెలుసు.

ఇంకొకటి. కంపెనీ లెక్కలో అమ్మకం అంటే షాపులకు చేరిన సరుకు. నా అరలో కూర్చున్న ఆ ఐదూ వాళ్లకు అమ్ముడైనవే. అందుకే ఒక్క మూడు నెలల అంకె చూసి పొంగిపోకండి, తర్వాతి మూడు నెలలూ చూడండి.

వయసు కూడా చూడాలి. పీఎస్5కి ముందు తరం పీఎస్4 2013లో వచ్చింది. దాని ఏడాది అమ్మకం 2016-17లో 2 కోట్లకు చేరింది, అక్కడి నుంచి ఏటా దిగుతూ 2019-20కి 1.4 కోట్ల లోపుకు వచ్చింది. 2020లో వచ్చిన పీఎస్5ది కూడా అదే దారి: 2023-24లో 2.08 కోట్లు, మరుసటి ఏడాది 1.85 కోట్లు. ఈ వయసులో కన్సోల్ మీద కంటే కంట్రోలర్లు, పాత డిస్కుల మీదే మనకు నాలుగు రూపాయలు మిగులుతాయి.

అంచనా పెంచే కంపెనీ దగ్గర మాత్రం ధైర్యం చేయొచ్చు. తన కన్సోల్ స్విచ్ 2కి నింటెండో కంపెనీ మొదట 1.5 కోట్లు చెప్పి, 2025 నవంబరులో 1.9 కోట్లకు పెంచింది. కాకపోతే నింటెండో ఇండియాలో నేరుగా అమ్మదు. బయటినుంచి తెప్పించిన పీసుకు వారంటీ పూచీ మన నెత్తినే పడుతుంది, కాబట్టి రెండుకు మించి పెట్టకండి.

పీఎస్5 అయితే అడ్వాన్సు చేతిలో పడ్డాకే తెప్పించండి. సంక్రాంతి సరుకు మాట నవంబరు ఫలితాలు చూశాకే.