బాల్కనీలో వడ్రంగం – 4వ పాఠం: ఉలికి పదును, పదునుకు చోటు

పోయిన పాఠంలో బాల్కనీ గోడ వారగా నాలుగడుగుల బల్ల నిలబెట్టాం. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు దగ్గరికి బల్ల అంచు రావాలని, కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేయాలని అనుకున్నాం. కింది ఫ్లాట్‌లో మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లు ఉంటారు కదా. బల్ల పని ఇంకా పూర్తి కాకపోతే ఈ పాఠాన్ని వంటింటి గట్టు మీద కూడా చేసుకోవచ్చు, ఇంట్లో ఒప్పుకుంటే.

ఈ వారం రంపం, చిత్రిక, డ్రిల్లు ఏవీ కొనకండి. చేతిలో ఉన్న ఒక్క ఉలి చాలు. ముప్పావు అంగుళం, అంటే 18 లేదా 19 మిల్లీమీటర్లది అయితే మంచిది. అంతకంటే సన్నది మొదటిసారి పదును పెడుతుంటే చేతిలో అటూ ఇటూ ఒరుగుతుంది.

నా మొదటి ఉలిని సికింద్రాబాదు రాణిగంజ్‌లో కొన్నాను. తళతళలాడుతూ, అంచుకు ప్లాస్టిక్ తొడుగుతో వచ్చింది. దాంతో టేకు ముక్కలో చిన్న గాడి తీయబోతే చెక్క తెగలేదు, నలిగింది. తప్పు నా చేతిదే అనుకుని నెల రోజులు అలాగే తంటాలు పడ్డాను. మా ఇంటి తలుపు చట్రం బాగుచేయడానికి వచ్చిన పెద్దాయన ఒకరు దాన్ని తీసుకుని, బొటనవేలి గోరు మీద ఆనించి, నా వైపు జాలిగా చూశారు. "గిది ఉలి గాదు సార్, పేచ్‌కస్" అన్నారు, అంటే స్క్రూడ్రైవర్ అని. ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, కొత్త ఉలి విషయంలో మద్దెల నిజంగానే ఓటిది. కంపెనీ వాళ్లు దానికి వాలు తీసి పంపుతారు, పదును మనమే పెట్టుకోవాలి.

సరే, ముందు చోటు సంగతి. నా దగ్గర సానరాయి లేక కాదు, అది అటక మీద ఉండేది. స్టూలు వేసుకుని ఎక్కి, దించి, నీళ్లలో నానబెట్టి, పాత పేపర్లు పరిచి, మళ్లీ అన్నీ సర్దాలి. ఆ బద్ధకంతో ఆరు నెలల్లో రెండంటే రెండుసార్లే పదును పెట్టాను. అందుకే బల్లకు ఒక చివర అడుగు వెడల్పు జాగాను పదునుకే వదిలేయండి. అక్కడి సామాను ఎప్పుడూ బయటే ఉండాలి. ఉలి మొద్దుబారిందని తోచగానే రెండడుగులు జరిగి, మూడు నిమిషాల్లో పదును పెట్టుకుని, వెనక్కి వచ్చేయాలి. వర్క్‌షాప్‌లో మిగతా చోట్లన్నీ తర్వాత మార్చుకోవచ్చు, ఈ ఒక్కదాన్ని మాత్రం కదపకండి.

ఆ చోట ఏం పెట్టాలి? ఖరీదైన రాళ్లు వద్దు. మన ఊళ్లో దీనికి చవకైన దారి ఉంది. వంటగది గట్లు కోసే ఏ గ్రానైట్ దుకాణానికైనా వెళ్లి, సింకు కోసం కోసి పక్కన పడేసిన ముక్క అడగండి. పాలిష్ చేసిన ముఖం పగుళ్లు లేకుండా ఉంటే చాలు. స్టీలు స్కేలును దాని మీద నిలువుగా ఆనించి వెలుతురుకు ఎదురుగా చూడండి, కింద సందు కనిపించకూడదు. హైదరాబాదు కూర్చున్న రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు అంటారు భూగర్భ శాస్త్రవేత్తలు. మనం తెచ్చుకునే ముక్క ఇక్కడిదే కానక్కర్లేదు గానీ, గ్రానైట్ కరవుతో బాధపడే ఊరు మాత్రం కాదు మనది.

ఆ రాతి కింద జారకుండా పాత రబ్బరు మ్యాట్ వేయండి. పైన వేయడానికి పెయింటర్లు వాడే వాటర్ పేపర్ కొనండి: 220, 400, 800, 1500, 2000 నంబర్లు. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. రాయి మీద నీళ్లు చల్లి కాగితం పరిస్తే అదే అతుక్కుంటుంది. ఒక స్ప్రే సీసా, తుడుచుకోవడానికి పాత బనియన్ గుడ్డ, ఒక తోలు బెల్టు ముక్క కూడా పక్కనే పెట్టుకోండి.

ఇక పని. ఉలికి రెండు ముఖాలుంటాయి: చదునుగా ఉండే వీపు, ఏటవాలుగా ఉండే వాలు. ఈ రెండూ కలిసే గీతే పదును. అందరూ వాలునే రుద్దుతారు, వీపును పట్టించుకోరు. వీపు మీద కంపెనీ మెషిన్ గీతలు మిగిలి ఉంటే, ఆ గీతలు అంచు దాకా వచ్చి దాన్ని రంపపు పళ్లలా చేస్తాయి. కాబట్టి ముందు వీపు సంగతి చూడాలి.

అంచు నుంచి వెనక్కి రెండు మూడు సెంటీమీటర్ల మేర మార్కర్ పెన్నుతో నల్లగా పూయండి. 220 కాగితం మీద వీపును పూర్తిగా ఆనించి, వేళ్లతో గట్టిగా నొక్కి, ముందుకూ వెనక్కూ రుద్దండి. ఉలి పిడిని కొంచెం కూడా పైకి ఎత్తకూడదు. ఎత్తితే అంచు గుండ్రం తిరుగుతుంది, అప్పటిదాకా పడ్డ శ్రమంతా గంగపాలు. నలుపు ఎక్కడ మిగిలిందో అక్కడ పల్లం ఉన్నట్టు. అంచు దగ్గర నలుపంతా పోయాక 400, 800, 1500 మీద అలాగే చేయండి. దీనికి అరగంట పట్టవచ్చు, ఒక్కోసారి గంట కూడా. విసుగొస్తుంది, పాటలు పెట్టుకోండి. ఉలి జీవితంలో ఈ పని ఒక్కసారే.

తర్వాత వాలు. కోణమానిని అక్కర్లేదు. ఉలి మందం కొలవండి, వాలు పొడవు కొలవండి. పొడవు మందానికి సరిగ్గా రెట్టింపు ఉంటే అది 30 డిగ్రీలు. అంటే 4 మిల్లీమీటర్ల మందానికి 8 మిల్లీమీటర్ల వాలు. తొమ్మిదిన్నర దాకా ఉంటే సుమారు 25 డిగ్రీలు. ప్యాకింగ్ పెట్టెల పైన్ లాంటి మెత్తని చెక్కకు 25 హాయిగా తెగుతుంది. టేకు, తుమ్మ లాంటి వాటికి 30 నయం, ఎందుకంటే అంచు మరీ సన్నగా ఉంటే సుత్తి దెబ్బకు పెళుసు విరుగుతుంది. మన ఇళ్లలో చేతికొచ్చేది ఎక్కువగా పాత టేకు తలుపు ముక్కలే కాబట్టి నా ఓటు 30కి.

తడి 400 కాగితం మీద వాలును ఆనించండి. మొదట వాలు మడమ, అంటే వెనక అంచు, తగులుతుంది. అక్కడి నుంచి పిడిని నెమ్మదిగా లేపండి. పదును అంచు కాగితాన్ని తాకగానే దాని ముందు సన్నగా నీటి గీత ఉబుకుతుంది. అదే మనకు కావలసిన కోణం. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, మణికట్టు బిగించి, ఒళ్లంతా వెనక్కి వంచుతూ ఉలిని మీ వైపు లాగండి. లాగడమే, తోయడం లేదు. తోస్తే కాగితం చీలుతుంది.

ఎన్నిసార్లు లాగాలి? లెక్క పెట్టకండి. కొన్ని లాగుళ్ల తర్వాత వీపు వైపు వేలి కొసను అంచు నుంచి బయటికి జరిపి చూడండి (అంచు వెంట ఎప్పుడూ జరపకండి, వేలు తెగుతుంది). సన్నని గరుకు తగులుతుంది. అరిగిన ఉక్కు అవతలి వైపుకు మడత పడిందన్నమాట. ఆ గరుకు ఈ మూల నుంచి ఆ మూల దాకా తగిలే వరకు తర్వాతి నంబరుకు వెళ్లకండి. నాకు తెలిసి కొత్తవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. 400 మీద పని సగంలో వదిలి 2000 మీద మెరుపు తెప్పిస్తారు. మెరుస్తుంది గానీ తెగదు.

గరుకు వచ్చాక 800, 1500, 2000 మీద నాలుగైదు లాగుళ్లు చాలు. చివర్లో 2000 మీద వీపును చదునుగా ఒకసారి, వాలును ఒకసారి, మార్చి మార్చి తిప్పితే ఆ మడత ఊడిపోతుంది. తర్వాత తోలు బెల్టుకు కాస్త ఇత్తడి పాలిష్ రాసి, దాని మీద ఉలిని రెండు వైపులా వెనక్కి లాగండి.

పదునుకు పరీక్ష: ట్యూబ్‌లైట్ కింద అంచును చూడండి. మొద్దు అంచు తెల్లని గీతలా మెరుస్తుంది, పదునైన అంచు కంటికి ఆనదు. పెద్దాయన చేసినట్టు గోరు మీద ఏటవాలుగా, బరువు వేయకుండా ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి. అన్నిటికంటే నమ్మకమైనది పైన్ ముక్క కొస. నార నిలువుగా తేలే ఆ చివర సన్నని పొర తీయండి. పదును ఉంటే కొస నున్నగా మెరుస్తుంది, లేకపోతే పిండిలా రాలుతుంది. చేతి వెంట్రుకలు గొరిగి చూపించే వీరులు కొందరున్నారు, మనకెందుకు ఆ గొడవ.

ఒక హెచ్చరిక. ఓపిక లేక ఒకసారి నేను ఉలిని గ్రైండర్ ఉన్న దుకాణంలో ఇచ్చాను. రెండు నిమిషాల్లో నిప్పురవ్వలు చిమ్మించి తిరిగి ఇచ్చారు. అంచు నీలం తిరిగి ఉంది, ఎంత అందంగా ఉందో! ఉక్కు ఆ రంగుకు రావాలంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగలాలి. ఆ వేడికి గట్టిదనం దిగిపోతుంది. ఎంత పదును పెట్టినా పది దెబ్బలకే మొద్దుబారేది. నీలం ఉన్నంత మేర చేత్తో అరగదీసి పారేస్తే గానీ దారికి రాలేదు, రెండు ఆదివారాలు పోయాయి.

జుమ్మెరాత్ బజార్‌లో పాత ఉలి దొరికితే బేరం చేసే ముందు దాని వీపు చూడండి. అంచు దగ్గర తుప్పు గుంటలు లోతుగా ఉంటే వదిలేయండి. గుంట అంచుకు చేరిన చోటల్లా పదునులో పన్ను ఊడినట్టుంటుంది. పిడి విరిగినా, వాలు వంకరపోయినా బాగుచేసుకోవచ్చు.

పని అయ్యాక ఉలిని పొడిగా తుడిచి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క రాయండి. వానాకాలంలో బాల్కనీ గాలికి రాత్రికి రాత్రే తుప్పు పొడ కనిపిస్తుంది. నూనె లేదు కదా అని సన్‌ఫ్లవర్ నూనె రాయకండి, కొన్నాళ్లకు జిగురు కడుతుంది.

ఈ వారం అభ్యాసం: అదే ఉలిని పైన్ కొస మీద మొద్దుబారే దాకా వాడి, 1500 నుంచి మొదలుపెట్టి మళ్లీ పదును పెట్టండి. రోజుకొకసారి చొప్పున అయిదు రోజులు. వచ్చే పాఠం రంపం పళ్ల గురించి. ఈలోగా ట్రూప్ బజార్ వైపు వెళ్తే ఒక చిన్న మూడంచుల ఆకురాయి తెచ్చిపెట్టుకోండి.