తక్కువ బడ్జెట్‌లో మౌంటెన్ బైక్: ఏ ఇబ్బందికి ఏది కారణం, ఏం చేయాలి

తక్కువ డబ్బుతో మౌంటెన్ బైక్ కొన్నవాళ్లు కొన్ని నెలలకు చెప్పే ఇబ్బందులు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎత్తు ఎక్కదు, బ్రేకు పట్టదు, వెనక చక్రం వంకర తిరుగుతుంది, గేరు దానంతటదే జారుతుంది. వీటిలో కొన్ని అలెన్ కీ తిప్పితే పోతాయి. మరికొన్ని కొన్నరోజే బండితోపాటు వచ్చినవి, ఎన్నిసార్లు రిపేరు చేయించినా మళ్లీ వస్తాయి. ఏది ఏ రకమో తెలిస్తే బండి ఉన్నవాళ్లకు వృథా ఖర్చు తప్పుతుంది, కొనబోయేవాళ్లకు షాపులో ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

ఎత్తు ఎక్కుతుంటే బండి ఊగుతుంది, కాళ్లు లాగేస్తాయి

వెనకాల కూడా షాక్ ఉన్న చవక బండి అయితే ఇక వేరే కారణం వెతకక్కర్లేదు. ఆ ధరలో దొరికే వెనక షాక్ చాలాసార్లు ఒట్టి స్ప్రింగే. దాని కదలికను అదుపు చేసే ఆయిల్ డ్యాంపింగ్ ఉండదు. పెడల్ మీద పెట్టిన బలంలో కొంత ఆ స్ప్రింగును నొక్కడానికే పోతుంది. వెనక భాగం కదిలే కీళ్లలో బేరింగుల బదులు వేసిన బుష్‌లు అరిగాక చక్రం పక్కలకు కూడా ఆడటం మొదలవుతుంది. ప్రీలోడ్ (స్ప్రింగును ముందే కాస్త నొక్కి ఉంచే మర) బిగిస్తే ఊపు కాస్త తగ్గుతుందేమో గానీ షాక్ వల్ల పెరిగిన బండి బరువు మాత్రం తగ్గదు.

కొనబోయేవాళ్లకు గట్టిగా చెప్పే మాట ఇదే: బడ్జెట్ తక్కువైతే వెనక షాక్ లేని హార్డ్‌టెయిల్ తీసుకోండి. వెనక షాక్‌కు పోయే డబ్బు చక్రాలకు, బ్రేకులకు వెళ్తుంది. రాళ్ల దారిలో మిమ్మల్ని కాపాడేవి అవే.

ముందు ఫోర్కు ఎగిరి తంతుంది, లేదా అసలు కదలదు

ముందు బ్రేకు పట్టి హ్యాండిల్ మీద బరువంతా వేసి నొక్కండి, ఒక్కసారిగా వదలండి. ఫోర్కు నెమ్మదిగా పైకి వస్తే, తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసే రీబౌండ్ డ్యాంపింగ్ పనిచేస్తున్నట్టు. టక్‌మని శబ్దం చేస్తూ ఎగిరితే లోపల స్ప్రింగు తప్ప ఏమీ లేనట్టు. గుంతలో పడిన ప్రతిసారీ అది హ్యాండిల్‌ను చేతుల్లోంచి తన్నేస్తుంది. సన్నగా ఉన్నవాళ్లకు ఇంకో కష్టం ఉంది. స్ప్రింగు గట్టిదైతే వాళ్ల బరువుకు అది నొక్కుకోనే నొక్కుకోదు.

స్ప్రింగు బదులు గాలి ఒత్తిడితో పనిచేసే గాలి ఫోర్కు అయితే మీ బరువుకు తగ్గట్టు గాలి పెట్టుకోవచ్చు. బండి మీద కూర్చుంటే ఫోర్కు తన మొత్తం కదలికలో 20 నుంచి 25 శాతం దిగితే సరిగ్గా ఉన్నట్టు. గాలి ఫోర్కుకు డబ్బు చాలకపోతే షాక్ లేని గట్టి ఫోర్కు, దానికి వెడల్పాటి టైర్లు మేలు. చెడ్డ షాక్ కన్నా అది తేలిక, నమ్మకం కూడా. తర్వాత మంచి ఫోర్కు వేసుకునే ఆలోచన ఉంటే ఫ్రేమ్ ముందు గొట్టం కింది వైపు వెడల్పయ్యే టేపర్డ్ రకమో కాదో చూడండి. ఇప్పటి మంచి ఫోర్కుల్లో ఎక్కువ భాగం దానికే సరిపోతాయి.

మరో విషయం. పెట్టెలో వచ్చి ఎవరో హడావిడిగా బిగించిన బళ్లలో ఫోర్కు వెనక్కి తిరిగి ఉండటం కూడా జరుగుతుంది. బండి కొత్తదైనా హ్యాండిల్ తిప్పితే వింతగా అనిపించినా, కాలు ముందు చక్రానికి తగులుతున్నా మొదట అదే చూడండి.

బ్రేకు లీవరు హ్యాండిల్‌కు ఆనేదాకా పట్టినా బండి ఆగదు

డిస్క్ ఉందంటే మంచి బ్రేకు ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. కేబుల్‌తో నడిచే చవక మెకానికల్ డిస్క్‌లో సాధారణంగా ఒక వైపు ప్యాడే కదులుతుంది. అది డిస్క్‌ను అవతలి ప్యాడు మీదికి వంచి నొక్కుతుంది. ప్యాడులు ఉండే భాగం, అంటే క్యాలిపర్ వెనకాల తెల్ల కాగితం పెట్టి సందులోంచి చూస్తూ లీవరు మెల్లగా నొక్కండి. డిస్క్ ఒక పక్కకు వంగడం స్పష్టంగా కనిపిస్తుంది. వంగేది ఎక్కువగా ఉందంటే కదలని ప్యాడు డిస్క్‌కు దూరంగా ఉందన్నమాట. లోపలి వైపు ఉండే స్క్రూ తిప్పి, తగిలీ తగలనంత దగ్గరికి దాన్ని తీసుకురండి. తర్వాత కేబుల్ బిగువు సరిచేయండి. ఈ వరస తప్పకూడదు. చాలామంది కేబుల్ ఒక్కటే లాగి బిగిస్తారు, వారానికే మళ్లీ అదే కథ.

కీచుమంటూ పట్టు లేకపోతే ప్యాడుకు నూనె అంటిందేమో చూడాలి. చైన్‌కు స్ప్రే కొట్టేటప్పుడే ఇది ఎక్కువగా జరుగుతుంది. డిస్క్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ప్యాడు మాత్రం మార్చేయడమే నయం. కొత్త ప్యాడు మొదటిరోజే పట్టదు. ఓ మోస్తరు వేగంలో వెళ్తూ, చక్రం జామ్ కాకుండా, దాదాపు ఆగేంత వరకు ఇరవై సార్లయినా బ్రేకు వేస్తే పట్టు వస్తుంది.

కేబుల్ బదులు ద్రవం ఒత్తిడితో పట్టే హైడ్రాలిక్ బ్రేకులు మీ బడ్జెట్‌లో వస్తే గేర్ల సంఖ్య తగ్గించుకునైనా అవే తీసుకోండి.

వెనక చక్రం మాటిమాటికీ వంకర, ఇరుసు వంగిపోతుంది

బండి కొనేటప్పుడు ఎవరూ చూడని చోటు ఇది. చవక బళ్లలో వెనక పళ్ల చక్రాలన్నీ కలిసి ఫ్రీవీల్‌గా హబ్‌కు (చక్రం మధ్య భాగానికి) మర తిప్పినట్టు బిగుస్తాయి. ఆ పద్ధతిలో కుడివైపు బేరింగు హబ్ లోపలికి ఉండిపోతుంది. బేరింగుకూ ఫ్రేమ్‌కూ మధ్య ఇరుసు చాలా దూరం ఆధారం లేకుండా ఉంటుంది. గట్టిగా దూకితే అక్కడే వంగుతుంది. క్యాసెట్ హబ్‌లో బేరింగు దాదాపు చివరికి ఉంటుంది కాబట్టి ఆ బాధ చాలా తక్కువ.

ఏది ఉందో తెలుసుకోవడం తేలిక. పళ్ల చక్రాలను వెనక్కి తిప్పండి. మధ్యలో పనిముట్టు దూర్చే గాళ్లు వాటితోపాటు తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్. నిజంగా రాళ్ల దారిలో తొక్కాలనుకునేవాళ్లు ఈ ఒక్క పరీక్షతోనే సగం బళ్లను పక్కన పెట్టేయవచ్చు.

రిమ్ము కూడా డబుల్ వాల్, అంటే రెండు పొరలది, అయి ఉండాలి. సింగిల్ వాల్ రిమ్ము ఎన్నిసార్లు బెండు తీయించినా నిలవదు. అయితే మంచి చక్రం కూడా మొదటి కొన్ని వారాల్లో చువ్వలు సర్దుకుని కాస్త వదులవుతుంది. అప్పుడొకసారి బెండు తీయిస్తే తర్వాత చాలాకాలం చూసుకోనక్కర్లేదు.

గేరు జారుతుంది, చైన్ ఊడుతుంది

కొత్త బండి అయితే కేబుల్ సర్దుకోవడమే కారణం. పెద్ద పళ్ల చక్రం మీదికి ఎక్కడానికి మొరాయిస్తుంటే కేబుల్ చివరి అడ్జస్టర్‌ను అపసవ్యంగా అర చుట్టు తిప్పి చూడండి. బండి కుడివైపు పడ్డ తర్వాత మొదలైతే డిరైలర్ (గేరు మార్చేటప్పుడు చైన్‌ను జరిపే భాగం) ఫ్రేమ్‌కు తగిలించే హ్యాంగర్ వంగి ఉంటుంది, అడ్జస్టర్ ఎంత తిప్పినా లాభం లేదు. వెనకనుంచి చూడండి, చైన్ దిగే డిరైలర్ కేజ్ పళ్ల చక్రాలకు సమాంతరంగా నిలువుగా ఉండాలి. కొనేటప్పుడు హ్యాంగర్ విడిగా ఊడదీసి మార్చుకునేదేనా అని అడగండి. ఫ్రేమ్‌తో కలిసిపోయిన అల్యూమినియం హ్యాంగర్ విరిగితే ఫ్రేమ్ మొత్తం పోయినట్టే. ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కో ఆకారం కాబట్టి స్పేర్ అప్పుడే తీసుకోండి.

పాత బండి అయితే చైన్ కొలవండి. కొత్త చైన్‌లో 12 పూర్తి లింకులు (లోపలిది, బయటిది కలిపి ఒకటి) 304.8 మిల్లీమీటర్లు ఉంటాయి. 306.5 దాటితే చైన్ మార్చాలి. 308 దాటితే పళ్ల చక్రాలు కూడా అరిగి ఉంటాయి.

21 గేర్లు అన్న మాటకు పడిపోకండి. ముందు మూడు, వెనక ఏడు కలిస్తే వాటిలో చాలా నిష్పత్తులు ఒకదానికొకటి దాదాపు సమానం. ముందు ఒకటి, వెనక తొమ్మిది ఉండి డిరైలర్‌కు చైన్ ఊగకుండా బిగువుగా ఉంచే క్లచ్ ఉన్న బండి గతుకుల్లో చైన్ అంత తేలిగ్గా వదలదు.

మోకాళ్ల నొప్పి, చేతుల తిమ్మిరి

మోకాలి ముందు భాగం నొప్పెడితే సీటు కిందికి ఉండొచ్చు. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి. సీటు గొట్టం కనీసం ఎంతవరకు ఫ్రేమ్ లోపల ఉండాలో చూపే గీత బయటికి కనిపించకూడదు. చేతులు తిమ్మిరెక్కితే, భుజాలు లాగితే హ్యాండిల్ దూరమై ఉండొచ్చు. హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే స్టెమ్ చిన్నది వేస్తే కొంత సర్దుతుంది. ఫ్రేమే పెద్దదైతే మాత్రం ఏ భాగం మార్చినా సరికాదు. డిస్కౌంట్ ఉందని సైజు కాని బండి కొనకండి.

వెల్డింగ్ పక్కన సన్నటి గీత

సెకండ్‌హ్యాండ్ బండి చూసేటప్పుడు ముందు గొట్టం కింద, పెడళ్ల గొట్టం చుట్టూ మట్టి తుడిచి వెలుతురులో చూడండి. పెయింట్ మీది గీత గోరుకు తగిలితే పగులుగానే లెక్క వేయండి. చాలాసార్లు కారణం బండిని తన స్థాయికి మించి వాడటమే. సైకిళ్లను వాడకాన్ని బట్టి తరగతులుగా విడదీసే ఏఎస్‌టీఎం ఎఫ్2043 ప్రమాణంలో 2వ తరగతి బండి 15 సెంటీమీటర్ల దూకుడు వరకే, 3వ తరగతిది 61 సెంటీమీటర్ల వరకు. ఆ అంకె ఫ్రేమ్ స్టిక్కర్ మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. అల్యూమినియం పగులుకు వెల్డింగ్ చేయిస్తామంటే ఒప్పుకోకండి. ఆ వేడికి చుట్టూ ఉన్న లోహం బలం పోతుంది, మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేస్తే తప్ప రాదు. ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు.