పెద్ద ఉల్క కనిపిస్తే ముందు ఫోన్ వెతుక్కోకండి
రాత్రి డాబా మీద ఉన్నప్పుడు శుక్రుడి కంటే ఎక్కువ వెలుగుతో ఉల్క దూసుకెళ్తే దాన్నే ఫైర్‌బాల్ అంటారు, మామూలుగా కొన్ని సెకన్లలో అయిపోతుంది కాబట్టి ఫోన్ తీసేలోపు మిస్సవుతారు, కళ్ళతోనే చూడండి. ఆరిపోయాక అక్కడే నిలబడి ఎక్కడ మొదలైంది ఎక్కడ ఆగింది అన్నది కొబ్బరిచెట్టో వాటర్ ట్యాంకో గుర్తు పెట్టుకోండి, చెయ్యి బారుగా చాపి పిడికిలి పెడితే సుమారు 10 డిగ్రీలు, ఎత్తు అలా కొలుచుకోవచ్చు. టైం, రంగు, ముక్కలైందా లేదా వెంటనే రాసేసుకోండి, తెల్లారేసరికి సగం మర్చిపోతాం. ఇంటర్నేషనల్ మెటియోర్ ఆర్గనైజేషన్ సైట్‌లో రిపోర్ట్ ఇవ్వొచ్చు, వేర్వేరు ఊళ్ళవాళ్ళు చెప్పినవి కలిస్తేనే అది వచ్చిన దారి తెలిసేది.

ఇంకోటి, ఇదే అన్నిటికంటే ముఖ్యం. కళ్ళు చెదిరే వెలుగైతే కిటికీ అద్దాల దగ్గరికి అస్సలు వెళ్ళొద్దు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో ఉల్క వెలుగు చూసి ఏమైందా అని జనం కిటికీల దగ్గరికొచ్చారు, రెండు నిమిషాలు దాటాక షాక్ వేవ్ (గాలిలో దూసుకొచ్చే బలమైన ఒత్తిడి అల) వచ్చి అద్దాలు పగిలి వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. వెలుగు ముందు, శబ్దం తర్వాత, పిడుగు లాగే. పిల్లలకి కూడా చెప్పి ఉంచండి ప్లీజ్.