పత్తి సీజన్‌కు ముందే మొత్తాల టేబుల్ చూసుకోండి

దసరా దగ్గరపడేకొద్దీ ఆదోని యార్డుకు పత్తి రాక పెరుగుతుంది. కమీషన్ ఏజెంట్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసేవాళ్లకు టెన్షన్ కూడా అప్పుడే మొదలు. లాట్ల టేబుల్ ఒక లెక్క, ఏజెంటువారీ మొత్తాల టేబుల్ ఇంకో లెక్క చూపిస్తే సాయంత్రం రైతుకు డబ్బు కట్టేదగ్గర గొడవే.

అసలు ఆ మొత్తాల టేబుల్ కావాలా అన్నది ముందు తేల్చుకోండి. రోజుకు వేల లాట్లే అయితే, ఏజెంటు, తేదీల మీద ఇండెక్స్ (త్వరగా వెతికిపెట్టే సూచిక) ఉంటే అప్పటికప్పుడు కూడినా చాలు. లేని టేబుల్‌లో తప్పు ఉండదు కదా!

ఉండి తీరాలంటే, లాటు చేర్చడం, మొత్తం పెంచడం ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి, అంటే జరిగితే రెండూ జరగాలి, లేదంటే రెండూ ఆగాలి. పాత మొత్తం చదివి, ప్రోగ్రాంలో కలిపి, తిరిగి రాసే అలవాటు మానేయండి. రెండు కౌంటర్లు ఒకే ఏజెంటు మొత్తాన్ని ఒకేసారి 500 అని చదివాయనుకోండి. ఒకటి 12 క్వింటాళ్లు, ఇంకోటి 9 కలిపితే 521 రావాలి, మిగిలేది 512 లేదా 509. 'మొత్తం = మొత్తం + 12' అని కూడే పని డేటాబేస్‌కే వదిలేయండి. ఉదయం మొదటి లాటుకు మొత్తాల టేబుల్‌లో ఆ ఏజెంటు వరుసే ఉండదు, అందుకని ఏజెంటు, తేదీల మీద యూనిక్ కీ (ఒకే జత రెండుసార్లు రాకుండా చూసేది) పెట్టి అప్‌సర్ట్ (వరుస లేకపోతే చేర్చి, ఉంటే మార్చే ఆదేశం) వాడండి. యార్డు మొత్తానికి ఒకే వరుస మాత్రం పెట్టొద్దు, కౌంటర్లన్నీ దాని దగ్గరే క్యూ కడతాయి.

అసలు దెబ్బ తగిలేది దిద్దుబాట్ల దగ్గర. లాటు ఒక ఏజెంటు నుంచి ఇంకొకరికి మారితే పాతవాళ్ల దగ్గర తీసేయాలి, కొత్తవాళ్ల దగ్గర కలపాలి. బరువు మారితేనే పనిచేసేలా రాసిన ట్రిగ్గర్ (టేబుల్ మారినప్పుడు డేటాబేస్ తనంతట తాను నడిపే కోడ్) ఇక్కడ కిమ్మనదు. ఆ రెండు వరుసల్నీ ఎప్పుడూ ఏజెంటు నంబరు క్రమంలోనే అప్‌డేట్ చేయండి, లేదంటే డెడ్‌లాక్ (రెండు ట్రాన్సాక్షన్లు ఒకదానికోసం ఒకటి ఆగిపోవడం) రావచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ట్రంకేట్ చేస్తే (టేబుల్ మొత్తం ఒకేసారి ఖాళీ చేస్తే) డిలీట్ ట్రిగ్గర్ నడవదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బల్క్ ఇన్సర్ట్‌కు ప్రత్యేకంగా చెబితే తప్ప ట్రిగ్గర్లు నడవవు. ఫైళ్లనుంచి లాట్లు ఎక్కించేవాళ్లూ, ఇది మీకే.

మొత్తాల టేబుల్ బదులు పోస్ట్‌గ్రెస్‌లో మెటీరియలైజ్డ్ వ్యూ (క్వెరీ ఫలితాన్ని దాచిపెట్టుకునేది) వాడితే, అది రిఫ్రెష్ చేసేదాకా పాత లెక్కే చూపిస్తుంది. మర్నాటి రిపోర్టుకు పర్లేదు, చెల్లింపులకు పనికిరాదు. చదివేవాళ్లు ఆగకుండా రిఫ్రెష్ కావాలంటే 'కంకరెంట్లీ' వాడాలి, దానికి యూనిక్ ఇండెక్స్ తప్పనిసరి.

రోజూ రాత్రిపూట లాట్లను మళ్లీ కూడి మొత్తాలతో పోల్చే క్వెరీ ఇప్పుడే రాసిపెట్టుకోండి. తేడా వస్తే వెంటనే దిద్దేయకండి, ఏ లాటు వల్ల వచ్చిందో ముందు పట్టుకోండి. దిద్దేటప్పుడు కౌంటర్లు మూసి ఉండాలి, లేకపోతే మధ్యలోనే కొత్త లాటు దూరుతుంది.